నలభై ఎడమ చేతులు

ఆ సోమవారం ఉదయం ఉషారాణి వేసుకున్న పథకంలో లోపం ఏమీ లేదు. పది గంటలకు బిలాస్‌పూర్ సదర్ బజారుకు వెళ్ళి అట్టపెట్టెలు కొనాలి. పన్నెండింటికల్లా సర్కండాలోని ఇంటికి తిరిగి రావాలి. నలభై ఎడమ చేతులను పెట్టెలో సర్ది, పుణే వెళ్ళే సాయంత్రం బండికి అందేటట్లు స్టేషనులోని మెయిల్ కౌంటరులో ఇచ్చి రావాలి. తరువాత జరిగినవాటన్నిటికీ మూలం ఈ పథకంలో లేదు. గడప దాటుతూ ఆమె మామగారితో అన్న ఒక్క మాటలో ఉంది.

ఆ చేతులు రోబో బొమ్మలవి. రవాణాలో దెబ్బతిన్న బొమ్మలను ఉషారాణి కలకత్తా టోకు వర్తకుల దగ్గర కొని, విప్పి, కడిగి, తలలు, మొండేలు, చేతులు, కాళ్ళు వేరువేరు మిఠాయి డబ్బాల్లో పోసి, ఇంటర్నెట్టులో అమ్మేది. సరదాకి రోబోలు తయారు చేసుకొనే పెద్దమనుషులు దేశంలో ఇంతమంది ఉన్నారని, వారిలో ప్రతివాడికీ ఎప్పుడూ ఏదో ఒక అవయవం తక్కువ పడుతూనే ఉంటుందని ఆమెకు రెండేళ్ళ క్రితమే తెలిసింది.

ఈ కొట్టు ఇంటి వెనక గదిలో నడిచేది. న్యాయానికి ఆ గది ఆమె మామగారు పోలయ్యది. రైల్వే గూడ్సు వేగన్ల మరమ్మతు షెడ్డులో ముప్పైయారేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయిన ఆయన, కోడలి డబ్బాలకు చోటిచ్చి, తన మంచాన్ని హాల్లో వేసుకున్నాడు. ఆ మంచాన్ని చూసినప్పుడల్లా ఉషారాణికి మనసు చివుక్కుమనేది. అందుకే, దసరా నాటికి కొట్టు నిలదొక్కుకోకపోతే మూసేసి, గది మామయ్యకు అప్పగిస్తానని గూడ్సు గార్డుగా పనిచేసే భర్త వేణుగోపాల్‌కు మాట ఇచ్చింది. దసరా ఇంకా మూడు వారాలుంది. సరిగ్గా అప్పుడు పుణేలోని రోబో నిర్మాతల సంఘం నుంచి నలభై ఎడమ చేతులకు ఆర్డరు వచ్చింది. నలభైమంది సభ్యులు తయారు చేసిన బొమ్మలకు ఎడమ చేతులు తప్ప అన్నీ ఉన్నాయి, ఆదివారం ప్రదర్శన. ఇవి సమయానికి అందితే ఇకపై సంఘమంతా ఆమె దగ్గరే కొంటుందని కార్యదర్శి రవిచంద్ర రాశాడు.

గడప దాటుతూ ఆమె అన్న మాట ఇది: "మావయ్యా, బల్ల మీద పుణే సామాను ఉంది. సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసి ఉంచండి."

ఆమె ఉద్దేశం లెక్కపెట్టమని. కాని పోలయ్య తన జన్మలో ఏ వస్తువునూ లెక్కపెట్టి ఊరుకోలేదు. షెడ్డుకు వచ్చిన వేగనులో ఏది లేదో కనిపెట్టి, అది బిగించి, 'ఫిట్' అని రాసిస్తే గాని లైను మీదికి వదలకూడదన్నది ఆయనకు తెలిసిన ఏకైక శాస్త్రం. బల్ల దగ్గర అయిదు నిమిషాలు నిలబడి, పక్క వీధిలో ఉన్న పైడిరాజును పిలిపించాడు. పైడిరాజు అదే షెడ్డులో పెయింటరుగా చేసి రిటైరయినవాడు. వేగన్ల మీద మరమ్మతు తేదీలు రాయడం అతని పనిగా ఉండేది.

తరువాత ఉషారాణి ఇద్దరినీ విడివిడిగా అడిగి కూర్చుకున్న వివరాల ప్రకారం, వాళ్ళ మధ్య జరిగిన సంభాషణ ఇది.

"ఏరా పైడిరాజూ, నలభై ఎడం సేతులు కట్టి పంపిత్తే పుణేవోళ్ళు మన బిలాస్‌పూర్ గురించి ఏటనుకుంటారు?"

"కుడి సేతులు నేవేటి బావా?"

"ఎందుకు నేవు, అలమర్లో ఉన్నాయి. కాళ్ళు ఓ డబ్బాలో, తలకాయలు ఓ డబ్బాలో. పిల్ల విప్పడం నేర్సుకుంది గాని, పాపం, బిగించడం ఎవులూ నేర్పనేదు."

మధ్యాహ్నం రెండు దాటేసరికి, అయిదు నిమిషాల్లో గట్టిపడే రెండు గొట్టాల జిగురుతో, నలభై రోబోలు బల్ల మీద నిలబడ్డాయి. పైడిరాజు ఒంటి వెంట్రుక కుంచెతో ప్రతిదాని వీపు మీద తెల్లరంగు అక్షరాలు రాశాడు: బిలాస్‌పూర్, మరమ్మతు తేదీ 15-9-2008, మళ్ళీ మరమ్మతుకు రావలసిన తేదీ 15-3-2010. ఒక్క చిక్కు వచ్చింది. అలమరలో కుడి చేతులు ముప్పైతొమ్మిదే ఉన్నాయి. నలభయ్యో రోబోకు రెండు వైపులా ఎడమ చేతులే బిగించవలసి వచ్చింది. దానికి 'ఫిట్' అనడానికి పోలయ్య మనస్సాక్షి ఒప్పుకోలేదు. ఆలోచించి, దాని వీపు మీద మాత్రం 'నెమ్మదిగా నడపవలెను' అని అదనంగా రాయించాడు.

ఈలోగా ఉషారాణి సదర్ బజారులో, గణపతి నిమజ్జనాల ఊరేగింపుల మధ్య చిక్కుకుపోయింది. సర్కండా వైపు నది మీది వంతెన దాటడం అసాధ్యమని తేలాక ఇంటికి ఫోను చేసింది.

"మావయ్యా, ఇక్కడంతా జామ్. నేను ఎప్పటికి చేరతానో తెలీదు. సామాను చూశారా?"

"ఎప్పుడో అయిపోనాది. అన్నీ ఫిట్టే. ఒక్కదానికి మటుకు స్పీడు తగ్గించేసేను."

చివరి వాక్యం ఆమెకు అర్థం కాలేదు. కాని ఆ ఇంటికి వచ్చిన పన్నెండేళ్ళలో అర్థం కాని రైల్వే మాటలను అడగకుండా వదిలేయడం ఆమెకు అలవాటైపోయింది.

"అచ్ఛా. అయితే పాత మిక్సీ పెట్టెలో పెట్టి, పైడిరాజు మావయ్యకిచ్చి కౌంటరుకి పంపించెయ్యండి. ఆయనది సైకిలు కదా, సందుల్లోంచి దూరిపోతారు."

నలభై చేతులకు మిక్సీ పెట్టె ఎక్కువే. నలభై రోబోలకు సరిగ్గా సరిపోయింది.

అయిదు గంటలకు ఇల్లు చేరిన ఉషారాణి ముందు అలమర చూసింది. డబ్బాలు దాదాపు ఖాళీ. దొంగలు పడ్డారేమోనని హాల్లోకి పరుగెత్తింది. పోలయ్య మంచం మీద కూర్చుని, కౌంటరు రసీదును కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని తృప్తిగా చదువుకుంటున్నాడు.

"మావయ్యా, నా కాళ్ళూ తలకాయలూ ఏమయ్యాయి?"

"ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయమ్మా. పుణే ఎల్తన్నాయి."

విషయం మొత్తం వినడానికి ఆమెకు మూడు నిమిషాలు, ఆటో ఎక్కడానికి ఒక నిమిషం పట్టింది. పోలయ్య కూడా ఎక్కాడు. కౌంటరులో ఉన్న అమ్మన్న శ్రీకాకుళం మనిషి. ఓపిగ్గా విన్నాడు.

"మీ పెట్టె ఉన్న సంచి ఇంకా ఇక్కడే ఉందమ్మా. పంపినోరు రాసిత్తే ఎనక్కి ఇచ్చేత్తాం. పేరు పైడిరాజు, రిటైర్డు పెయింటరు, అని ఉంది. మీరేనా?"

పైడిరాజుకు కబురు వెళ్ళింది. అతను సైకిలు మీద వచ్చాడు. కాని పెట్టె వెనక్కి తీసుకోవాలనేసరికి ముఖం మాడిపోయింది.

"సర్వీసు మొత్తంలో నా అక్షరం మీద ఒక్క రిమార్కు నేదు. ఇప్పుడేటి రిమార్కు?"

"అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి మావయ్యా. అవి రాసిన బొమ్మలే పంపకూడదు."

"మా పోలయ్య బావ బిగింపు మీదా రిమార్కు? అలగైతే నాను సంతకం ఎట్టను."

"ఒరే, పిల్ల ఏడుత్తంది, ఎట్టరా," అన్నాడు పోలయ్య.

"నువ్వు ఫిట్టు అన్నావా, నేదా? ముందది సెప్పు."

పోలయ్య అబద్ధం ఆడలేకపోయాడు. ఈ వాదన తెగేలోగా బండి వచ్చింది, సంచులు ఎక్కాయి, బండి వెళ్ళిపోయింది. అమ్మన్న మర్యాదగా సంతకం పడని కాగితం మడిచి లోపల పెట్టుకున్నాడు.

తిరుగు ఆటోలో, వంతెన మధ్యలో, ఉషారాణి నోటినుంచి వచ్చిన ప్రశ్న ఆమె జీవితాంతం వెనక్కి తీసుకోవాలనుకున్న ప్రశ్న.

"గది కావాలంటే నోరు తెరిచి అడగొచ్చు కదా మావయ్యా."

పోలయ్య నది వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆమె ఆ సాయంత్రమే రవిచంద్రకు క్షమాపణ రాసింది. వేరే ఎడమ చేతులు పంపుతానని రాయడానికి డబ్బాలో మిగిలినవి మూడే. గురువారం ఒక్క వాక్యం జవాబు వచ్చింది: "పెట్టె తెరిచాం, ఆదివారం అయ్యాక మాట్లాడతాను." ఆ వాక్యాన్ని ఆమె తీర్పుగానే చదివింది. అలమర ఖాళీ చేసి, గది కడిగి, మామగారి మంచాన్ని అందులో వేసింది. ఆమె వంటింట్లోంచి వచ్చేసరికి మంచం మళ్ళీ హాల్లో ఉంది. శుక్రవారం మళ్ళీ గదిలోకి నెట్టింది. శనివారం మళ్ళీ హాల్లోకి వచ్చింది. డ్యూటీ నుంచి వచ్చిన వేణుగోపాల్ మంచం కాలు తగిలి రెండుసార్లు పడబోయాడు గాని, కారణం అడిగే ధైర్యం చేయలేదు.

సోమవారం ఉదయం ఫోను మోగింది.

"నేను నలభై ఎడమ చేతులు అడిగానండీ," అన్నాడు రవిచంద్ర.

"అవునండీ. తప్పు నాదే."

"మీరు పంపినవి ఊడదీయాలని చూశాం. రెండు రోజులు చూశాం. ఒక్క చేయి కూడా కదల్లేదు. మావాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు. శనివారం దాకా అదే గొడవ. అప్పుడు మాలో ఒకాయన వాటి వీపులు చదివాడు."

ఉషారాణి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ప్రదర్శన బల్ల మీద పట్టాలు వేశాం. ఒక వైపు చేయి లేని మా నలభై రోబోలు వరుసగా షెడ్డులోకి వెళ్తూ, రెండో వైపు మీవి నలభై మరమ్మతై బయటికి వస్తూ. జనం మిగతా బల్లల దగ్గర నిలబడలేదండీ. ఆ నెమ్మదిగా నడపవలసినదాన్ని అందరికన్నా వెనక పెట్టాం. దాన్ని చూడ్డానికి వరుస కట్టారు. మాకు చేతులు ఇంకా కావాలి, కాళ్ళూ కావాలి. ఇక మీ దగ్గరే కొంటాం. కాని ముందు ఒకటి చెప్పండి, మీ ఫిట్టరు గారెవరు?"

ఫోను పెట్టేశాక ఉషారాణి హాల్లోకి వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని జరిగింది చెప్పింది. పోలయ్య అంతా విని, ఒక్కటే అడిగాడు.

"ఆ నలభయ్యోదాన్ని ఎవులైనా తిట్టేరా?"

"లేదు మావయ్యా. ఎక్కువమంది దాన్నే చూశారట." తరువాత అడగవలసింది అడిగింది. "గదిలో మంచం వేస్తే ఎందుకు లాగేసుకున్నారు? ఆ రోజు నేను అన్నదానికి కోపమా?"

"కోపం నేదు, ఏటీ నేదు. హాల్లోంచైతే నువ్వు డబ్బాలు సర్దుకోడం కనిపిత్తాది. షెడ్డు ఎదురుగా ఉన్నట్టుంటాది. ఆ గదిలో నన్నెట్టి కొట్టు మూసేత్తే, అక్కడ గోడ తప్ప ఇంకేటుంటాది సూడ్డానికి?"

ఆ సాయంత్రం మంచం హాల్లోనే ఉంది. డబ్బాలు వెనక గదిలోకి తిరిగి వెళ్ళాయి. వాటి పక్కన రెండు కుర్చీలు, ఒక రంగు డబ్బా, ఒంటి వెంట్రుక కుంచె కూడా వెళ్ళాయి. జిగురు గొట్టాలు మాత్రం ఉషారాణి తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

2010 మార్చి 15న, వీపు మీద రాసినది రాసినట్టుగా పాటించి, పుణే నుంచి ముప్పైతొమ్మిది రోబోలు మరమ్మతుకు వచ్చాయి. నెమ్మదిగా నడపవలసినది పదిహేడున వచ్చింది.