ఆరేసిన చెత్త

ఆ రోజు పొద్దున్న ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, ఇంట్లోని ప్లాస్టిక్ చెత్త సంచి తీసుకుని, అందరికంటే ముందు ఫ్యాక్టరీకి చేరుకోవడం.

ఆయన పనిచేసేది వాడి పారేసిన ప్లాస్టిక్‌ను కడిగి, కరిగించి, మళ్ళీ గింజలుగా తయారుచేసే ఫ్యాక్టరీలో. ఆ గింజలతో వేరే కంపెనీలు పైపులూ బకెట్లూ చేసుకుంటాయి. అంతా బాగానే ఉంది కానీ, కడిగే తొట్టి నుంచి వచ్చే నల్లటి నీళ్ళు వెనకున్న కాలవలో కలుస్తున్నాయని పైకి ఫిర్యాదులు వెళ్ళాయి. ఆ వేళ తనిఖీకి కాలుష్య శాఖ అధికారిణి వస్తోంది. ఆవిడ సంతకం పెడితే ఫ్యాక్టరీ నడుస్తుంది. పెట్టకపోతే సాయంత్రానికి గేటుకు తాళం. ఇంజనీరు ఉంటున్నది ఫ్యాక్టరీ క్వార్టర్సు కాబట్టి, ఆ తాళం ఇంటికి కూడా పడుతుంది.

తనిఖీ కోసం సిబ్బంది అందరూ ఇళ్ళ నుంచి వారం రోజుల చెత్త తేవాలని మేనేజరు చెప్పాడు. ఎంత కలగాపులగంగా, ఎంత మురికిగా ఉంటే, ప్లాస్టిక్ రకాలను వేరుచేసే కొత్త యంత్రం గొప్పతనం అంత బాగా కనిపిస్తుందన్నాడు. ఇంజనీరు యంత్రాల గురించి గంటలకొద్దీ మాట్లాడగలడు కానీ, భార్య దగ్గర సగం వాక్యంతో సరిపెట్టే మనిషి. "మన చెత్త రేపు అధికారిణి ముందు పెడుతున్నాం. సిద్ధంగా ఉంచు," అని క్రితం రోజు పొద్దున్నే చెప్పి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి వెళ్ళిపోయాడు.

ఇల్లాలు పరుగున అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

"విన్నారా అత్తయ్యా? మనింటి చెత్త పరాయివాళ్ళ ముందు పెడతారట!"

"అయ్యో, ఆ జిడ్డు కవర్లు చూస్తే ఈ ఇంట్లో ఆడవాళ్ళు ఇంతేనా అనుకోరూ?" అంది అత్తగారు, కళ్ళజోడు సవరించుకుంటూ. "కానియ్యి, నేను విప్పుతాను, నువ్వు కడుగు."

గిన్నెలు తొలిచిన నీళ్ళు పారబోయకుండా వాటితోనే నూనె ప్యాకెట్లు కడిగారు. పాల ప్యాకెట్లు నిలువుగా కోసి లోపల తుడిచారు. సీసాల మూతలు వేరు చేశారు. అన్నీ దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశారు. పక్కింటి మేనేజరు భార్య గోడ మీదుగా చూసింది.

"ఏంటి చెల్లెమ్మా, కవర్లు ఆరేశావు?"

"రేపు అధికారిణి చూస్తుందట కదా అక్కయ్యా. మీకు చెప్పలేదా?"

చెప్పలేదనడం పరువు తక్కువ. "చెప్పకేం! నేను తర్వాత మొదలెడదామనుకున్నా," అంది ఆవిడ. మధ్యాహ్నానికల్లా క్వార్టర్సులోని దండేలన్నీ నిండిపోయాయి. మేనేజరు భార్య ఒక మెట్టు పైన ఉండాలని కవర్లు ఇస్త్రీ చేయబోయింది. ఇస్త్రీ పెట్టె అడుగున బిస్కెట్ కంపెనీ పేరు శాశ్వతంగా అచ్చయింది.

సాయంత్రం మగవాళ్ళు వచ్చేలోగా అన్నీ సంచుల్లోకెక్కాయి. కట్టిన సంచుల్లోకి వాళ్ళెవరూ తొంగి చూడలేదు. చెత్తలో ఏం చూస్తారు?

మర్నాడు ఫ్యాక్టరీలో అధికారిణి కుర్చీ కూడా అడగకుండా, చెత్తను యంత్రంలోకి మోసే బెల్టు పక్కన నిలబడింది. ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "పైనుంచి పడే వెలుతురు ఎలా తిరిగొస్తుందో చూసి ఇది ఏ రకం ప్లాస్టికో యంత్రం గుర్తుపడుతుంది మేడమ్. వెంటనే గాలి ఊది ఏ రకాన్ని ఆ రకం తొట్టిలోకి తోసేస్తుంది. రకాలు కలిస్తే గింజ పనికిరాదు. ఇప్పుడు చూడండి, ఎంత దారుణమైన చెత్త వేస్తున్నామో."

మొదటి సంచి విప్పారు. తళతళలాడే పాల ప్యాకెట్లు పెళ్ళివారిలా వరసగా నడిచొచ్చాయి. రెండో సంచిలో అన్నీ సీసాలే. మూడో సంచిలో రంగుల వారీగా మూతలు. యంత్రానికి వేరు చేయడానికి ఏమీ మిగలలేదు.

అధికారిణి ఒక ప్యాకెట్టు తీసి వాసన చూసింది. "చెత్త అడిగితే దుకాణం నుంచి కొత్త సరుకు తెచ్చి పెట్టారా? నన్ను మోసం చేద్దామనా?"

మేనేజరు పక్కకు జరిగాడు. "మురికిది తెప్పించవయ్యా, త్వరగా!" అని ఇంజనీరు చెవిలో గొణిగాడు. ఇంజనీరు స్తంభం చాటుకు పోయి ఇంటికి ఫోన్ చేశాడు. "మన సంచులు పనికిరావంటున్నారు. మేడమ్ మండిపడుతున్నారు. ఏదో ఒకటి చెయ్యి!" అని పెట్టేశాడు.

ఇంత కడిగినా పనికిరాలేదంటే ఇంకా ఎక్కడో జిడ్డు ఉండిపోయిందన్నమాట అనుకుంది ఇల్లాలు. కాసేపట్లో క్వార్టర్సు ఆడవాళ్ళంతా బకెట్లూ సబ్బులూ పీచులతో ఫ్యాక్టరీలోకి దిగారు. ముందు అత్తగారు.

"ఏదమ్మా మరక? చూపించు, నీ కళ్ళముందే వదలగొడతాం," అందావిడ అధికారిణితో.

అధికారిణి నివ్వెరపోయింది. "ఇవి నిజంగా మీ ఇళ్ళలో వాడినవేనా?"

ఇల్లాలికి రోషం వచ్చింది. "కాకపోతే? ఇదిగో, ఈ నూనె ప్యాకెట్టు మూల కొరికింది మా ఆయన. కత్తెర ఎదురుగా ఉన్నా పళ్ళతోనే చింపుతారు. పంటి గాట్లు చూడండి."

ఇంజనీరు నోరు గట్టిగా మూసుకున్నాడు.

ఈలోగా మరకలు వెతుకుతూ మేనేజరు గదిలోకి దూరిన ఆయన భార్యకు బల్ల కింద ఒక మురికి సంచి దొరికింది. అందరి ముందుకూ తెచ్చి విప్పితే అన్నీ చాక్లెట్ కాగితాలు, అంటుకుపోయి ఉన్నాయి.

"షుగరని ఇంట్లో కాకరకాయ రసం తాగుతూ ఇక్కడ చేసే నిర్వాకం ఇదా? ఇంకా నీరసం, నీరసం అంటుంటే పాపం అనుకున్నా!"

"అవి... తనిఖీ కోసం తెప్పించినవే..."

"తినకుండా కాగితాలు ఎలా వచ్చాయండీ?"

అధికారిణి మొదటిసారి నవ్వింది. "సరే, ఇలాంటి పోట్లాట ముందుగా ఏర్పాటు చేసేది కాదు. ఆ సంచితో సహా అన్నీ ఒకే కుప్పగా పోయండి."

పోశారు. యంత్రం బుస్సు బుస్సున ఊదుతూ సీసాలను సీసాల్లోకి, కవర్లను కవర్లలోకి తోసింది. చాక్లెట్ కాగితాలు దేనికీ చెందవని ఓ మూలకు నెట్టింది. ఒక్కటీ దారి తప్పలేదు. తర్వాత వేరుచేసినవాటిని కడిగే తొట్టిలో వేసి, అందరూ దాని చుట్టూ మూగారు. నీళ్ళు ఎప్పటిలా నల్లబడలేదు, రవ్వంత గోధుమరంగుకు తిరిగాయంతే. ఆ రవ్వంతా కుప్పలో కవర్లకు అంటుకున్న మేనేజరు చాక్లెట్లది.

అధికారిణి నీళ్ళను గ్లాసులోకి తీసి వెలుతురుకు పట్టి చూసింది. "ఈ నీళ్ళనే వడగట్టి మళ్ళీ వాడుకోవచ్చు. కాలవలోకి వదలక్కర్లేదు. కానీ ఊళ్ళో వాళ్ళంతా ఇలా ఇస్తారా?"

"ఎందుకివ్వరు?" అంది ఇల్లాలు. "పక్కింటివాళ్ళు ఆరేసింది కనబడితే చాలు."

అధికారిణి కలం తీసింది. ఆరు నెలలు నడుపుకోవచ్చని, ఈలోగా వీధి వీధికీ ఈ ఆడవాళ్ళు వెళ్ళి నేర్పాలని రాసి సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం నుంచి ఇంజనీరు ఇంట్లో చెత్తబుట్టను ముట్టుకోవాలంటే ముందు చేతులు కడుక్కోవాలి.