మూడు కిలోవాట్లకు కాస్త తక్కువ

సూర్యుడు ఇన్ని యుగాలుగా ఏ దరఖాస్తూ పెట్టకుండా వెలుగుతూ రావడం పరిపాలనా చరిత్రలో క్షమించరాని లోపం. ఆ లోపాన్ని సరిదిద్దే భారాన్ని విద్యుత్ శాఖలోని అనుసంధాన విభాగం తన భుజాన వేసుకుంది. (భుజం ఎవరిదన్నది ఇంకా తేలలేదు. ఫైలు పైన ఉంది.)

ఈ మహత్కార్యంలో తనకూ ఒక పాత్ర దక్కుతుందని గడియారాలు బాగుచేసే ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆయన కష్టం చిన్నది. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కరెంటు పోతుంది. ఆయనతోపాటు ఉండే అక్కకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం పక్కనున్న ఆక్సిజన్ యంత్రం ఆగిందంటే ఆవిడ మాట్లాడటం మానేసి, కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంటుంది. ఊపిరి దాచుకుంటుంది. మిగతా ఇరవై రెండు గంటలూ తమ్ముణ్ణి ఆటపట్టించే ఆ నోరు ఆ రెండు గంటలూ మూతపడటం ఆయన చూడలేకపోయాడు. మేడ మీద సోలార్ ప్యానెళ్లు, మెట్ల కింద బ్యాటరీ పెట్టించాడు. అనుమతి వచ్చేదాకా స్విచ్ వేయరాదని శాఖవాళ్లు దానికి ఎర్ర సీలు వేసి వెళ్లారు.

అనుమతి ఫారంలో ‘సామర్థ్యం’ అన్న గడిలో మూడు కిలోవాట్లని రాశాడు. కానీ నలభై ఏళ్లు సెకన్లతో కాపురం చేసిన మనిషాయన. బిగించిన రోజే మిట్టమధ్యాహ్నం మీటరు పెట్టి చూస్తే 2.97 వచ్చింది. తగ్గిన ఆ కాస్తా కంట్లో నలుసులా వేధించింది. తను అబద్ధం రాశాడా? ఫారం అడుగున ‘వ్యాఖ్యలు’ అని ఒక గడి ఖాళీగా కనిపించింది. అందులో ‘నిజానికి 2.97’ అని గుండ్రంగా రాశాక మనసు కుదుటపడింది.

ఆ విభాగం పుట్టింది మొదలు ఆ గడిలో ఎవరైనా ఏదైనా రాయడం అదే మొదటిసారి.

అనుసంధానాధికారి ఫారాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. “ఎందుకు రాశారండీ ఇది?”

“నిజం కదండీ.”

“కాదని నేనన్నానా? గడి ఖాళీగా ఉంది కదా అని నిజం రాసేయడమేనా?” అధికారి కోప్పడలేదు. నిజంగానే బాధపడ్డాడు. “వ్యాఖ్య ఉన్న ఫైలు వ్యాఖ్యల పరిశీలన విభాగానికి వెళ్లాలి.”

“అదెక్కడుంది సార్?”

“లేదు. ఇప్పటిదాకా అవసరం రాలేదు. మీ పుణ్యమా అని పెట్టాలి.”

పెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ విభాగానికి కూడా ఆ అధికారినే వేశారు. అదే గదిలో ఇంకో కుర్చీ వేసుకున్నాడు. ఈ కుర్చీలో కూర్చుని రాసిన లేఖకు ఆ కుర్చీలోంచి జవాబివ్వడానికి ఇరవై ఒక్క పనిదినాల గడువు. (గడువుకు ముందే జవాబిస్తే ఇద్దరూ కుమ్మక్కయ్యారనే ఆరోపణ వస్తుందట.)

ఈలోగా ఇంకో తాఖీదు వచ్చింది. సీలు వేసినా ప్యానెళ్లు ఎండలోనే ఉన్నాయి గనుక అనుమతి లేని ఉత్పత్తికి అవకాశం ఉందనీ, పగటిపూట వాటిని కప్పి ఉంచాలనీ దాని సారాంశం.

“ఒరేయ్, నా దుప్పటి ఏదిరా?” అని అడిగింది అక్క.

“మేడ మీద కప్పానక్కా.”

“ఎవరికి?”

“ప్యానెళ్లకి.”

“పాపం, ఎండలో చలేస్తోంది కాబోలు. నా స్వెట్టరు కూడా పట్టుకెళ్లు.” నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక మెల్లగా అంది. “ఆ స్విచ్ వేసెయ్యరా. ఎవరు చూడొచ్చారు?”

ఆయన మెట్ల కిందికి వెళ్లాడు. సీలు మీద వేలు పెట్టాడు. గోటితో గీరితే ఊడొచ్చే సీలు. అయినా చెయ్యి రాలేదు. శిక్ష అంటే తనకు భయం లేదని ఆయనకు తెలుసు. భయమల్లా చెడ్డపేరంటే. ఆ చెడ్డపేరు ఎవరి దగ్గర వస్తుందన్నది మాత్రం అక్కడ ఎంతసేపు నిలబడ్డా తేలలేదు. ఆ తర్వాత వీధిలో నడిచేటప్పుడు తెలియకుండానే నీడ పట్టున నడవడం మొదలుపెట్టాడు, ఒంటి మీద పడే ఎండకు కూడా జవాబు చెప్పుకోవలసి వస్తుందేమో అన్నట్టు.

ఎనిమిదో నెలలో తీర్పు వెలువడింది. ‘2.97ను మూడుగా భావించవచ్చును.’

అధికారే స్వయంగా వచ్చాడు. దుప్పట్లు తీయించి, సీలు తెంచి, శాఖ పద్ధతి ప్రకారం బ్యాటరీ తీగలను వీధి లైనుకు కలిపించాడు. అక్క చేత స్విచ్ వేయించి ఫోటో తీసుకున్నాడు.

“ఇక రెండింటికి కూడా నీ మీద నోరు పారేసుకోవచ్చురా,” అంది అక్క.

రెండయింది. కరెంటు పోయింది. మేడ మీద ఎండ మండిపోతోంది, బ్యాటరీలో ఛార్జి ఉంది. ఆక్సిజన్ యంత్రం మాత్రం కీచుమని అరిచి ఆగిపోయింది.

“ఏమైంది సార్?”

“ఏమీ కాలేదు. సక్రమంగా పనిచేస్తోంది.”

“ఆగిపోయింది కదండీ!”

“ఆగాలి. లైను ఆగితే మీదీ ఆగాలి. లేకపోతే మీ కరెంటు వీధిలోకొచ్చి, స్తంభం మీదున్న మా మనిషిని కొడుతుంది. అప్పుడు వాడి పెళ్లాం పిల్లలకి మీరు చెబుతారా సమాధానం?”

ఆ మాటలో న్యాయం ఉంది. న్యాయమున్న మాటకు ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. “ఇంటి మటుకు వాడుకోవాలంటే?”

“దానికి వేరే స్విచ్ ఉంటుంది. వేరే దరఖాస్తు.”

“పోనీ, నిన్నటిదాకా... సీలు తీసి వేసుంటే?”

“నిన్నయితే బ్రహ్మాండంగా పనిచేసేది,” అన్నాడు అధికారి, సంచీ సర్దుకుంటూ. “అప్పటికి లైనుకు కలపలేదు కదా.”

అక్క అప్పటికే కిటికీ చువ్వ పట్టుకుంది. ఏదో అనబోయి, మానుకుని, తమ్ముడి వైపు చూసింది.

అధికారి వీధి మలుపు తిరిగేలోపే తమ్ముడి ఫోను మోగింది. ‘మీ అనుసంధానం విజయవంతమైంది. మా సేవకు ఐదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారు?’

ఆయన ఒకటి నొక్కాడు. కారణాలు వివరించమంటూ పద్దెనిమిది గడుల ఫారం తెరుచుకుంది. అన్నీ తప్పనిసరి. అక్క వీపు ఎగిరెగిరిపడుతోంది. విసనకర్ర పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి, ఆవిడను పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. వెనక్కి వెళ్లి ఐదు నొక్కి, ఫోను పక్కన పడేశాడు.

ఆ విభాగానికి ఇంతవరకూ ఐదుకు తక్కువ వచ్చిన దాఖలా లేదు.