చూడదగిన నిద్ర

ద్వీప పర్యాటకాభివృద్ధి సంఘం వారు యావన్మందికీ తెలియజేసినదేమనగా, పడవల మేస్త్రి మధ్యాహ్నం భోంచేసి నిద్రపోవడం ఇకమీదట ఆయన సొంత వ్యవహారం కాదు. అది దీవి మొత్తానికీ చెందిన ఆస్తి. కనుక దాన్ని చూడ్డానికి టిక్కెట్టు ఉంటుంది.

ఈ ప్రకటన రేవులో మైకు ద్వారా మారుమోగుతున్న సమయానికి మేస్త్రి నిద్రలోనే ఉన్నాడు. తన గురించి ఊరందరికీ తెలిసిన సంగతి తనకు ఆఖర్న తెలియడం గొప్పవాళ్ల లక్షణం. ఆ లెక్కన ఆయన గొప్పవాడైపోయి అప్పటికే కాసేపయింది.

దీవిలో అంతకుముందు చూడదగ్గవి లేవని కాదు. చుట్టూ సముద్రం ఉంది. అయితే ఒకవైపు చూస్తే మిగతా వైపులు కూడా చూసినట్టే. అందుకని వచ్చినవాళ్లు కాళ్లు తడుపుకుని, ఓ కొబ్బరిబోండాం తాగి, "తర్వాతి పడవ ఎప్పుడండీ?" అని అడిగేవారు. ఆ ప్రశ్న సంఘం కార్యదర్శి గుండెలో ముల్లులా దిగింది. కార్యదర్శి ఎవరో కాదు, మేస్త్రికి స్వయానా బావమరిది. రేవు పక్కన తన అక్క నడిపే టీకొట్లో, ఊరికే వచ్చే టీ తాగుతూ, ఆయన దీవి భవిష్యత్తు గురించి ఆలోచించాడు.

ఫలితాలు అచిరకాలంలోనే కనబడ్డాయి. ఇసుకలో ఒక బెంచీ వేసి, పొద్దున తూర్పుకి తిప్పితే సూర్యోదయ వీక్షణ కేంద్రమనీ, సాయంత్రం పడమరకి తిప్పితే సూర్యాస్తమయ వీక్షణ కేంద్రమనీ నామకరణం చేశారు. మేకలు పడుకునే బండసందుని సముద్రపు దొంగల గుహగా ప్రకటించారు. లోపల ఈ వాసనేమిటని సందర్శకులు ముక్కు మూసుకుంటే, దొంగలకి స్నానం చేసే అలవాటు లేదని చరిత్ర చెప్పారు. అద్దాల అడుగున్న పడవలోంచి చేపల్ని చూపించారు. ఆ చేపలు రొట్టెముక్కలకు మరిగి, పడవ ఏమాత్రం ఆలస్యమైనా తామే రేవుకి వచ్చి నిలబడేవి. మూతికి గొట్టం బిగించుకుని నీళ్లలో బోర్లా తేలే ఆట ఒకటి పెట్టారు. కొత్తగా పెళ్లయిన జంటలకి అది అంతగా నచ్చలేదు. బాగా ముదిరిన కాపురాలవాళ్లు మాత్రం, మొగుడూ పెళ్లాలిద్దరి నోళ్లకీ ఒకేసారి గొట్టాలు పెట్టిన పుణ్యం ఊరికే పోదని సంఘాన్ని దీవించి, మళ్లీ మళ్లీ దిగారు.

అన్నిటికన్నా గిరాకీ ఉన్నది తాబేలుతో ఈత. తాబేలు ఒక్కటే, పైగా ముసలిది. పొద్దస్తమానం ఎవరో ఒకరు వీపు నిమురుతూ ఫొటోలు దిగుతుంటే కొన్నాళ్లు ఓర్చుకుని, చివరికి చెప్పాపెట్టకుండా ఎటో వెళ్లిపోయింది. రాజీనామా సమర్పించలేదన్న ఒక్క లోపం తప్ప దాని ప్రవర్తన మొదట్నుంచీ సంతృప్తికరంగానే ఉండేదని సంఘం తీర్మానించింది.

తాబేలు కోసం వచ్చి, అది లేక ఒడ్డున పడి తిరుగుతున్న ఒక సందర్శకుడి కంట మేస్త్రి పడ్డాడు.

మేస్త్రి తెల్లారకముందే పనిలోకి దిగేవాడు. పడవల్ని బోర్లించి, పాచి గీకి, పలకల సందుల్లో నార కూరి, తారు పూసేవాడు. ఆయన చెయ్యిపడ్డ పడవలో చుక్క నీరు దిగదని చుట్టుపక్కల దీవుల్లో కూడా పేరు. మధ్యాహ్నం కాస్త తిని, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన పాత వలలోకి ఎక్కి, ఒక కాలు కిందికి వేలాడేసి, నోరు తెరిచి నిద్రపోయేవాడు. ఆ భంగిమనే సందర్శకుడు ఫొటో తీసి, కింద 'చింత లేని మనిషి' అని రాసి లోకం మీదికి వదిలాడు. మర్నాడు పడవ దిగినవాళ్లు తాబేలు ఊసే ఎత్తలేదు. "ఆ నిద్రపోయే ఆయన ఎక్కడండీ?" అని అడిగారు.

ప్రకటన అయ్యాక బావమరిది టీకొట్టుకి వచ్చి సంగతి చెప్పాడు.

"నువ్వు కొత్తగా చెయ్యాల్సిందేమీ లేదు బావా. రోజూ చేసేదే. పడుకోవడం."

"మరి నా పనో?"

"పడుకోవడమే పని."

మేస్త్రి పెళ్లాం వంక చూశాడు. ఆ నిద్రని ఆవిడ తిట్టని రోజు లేదు. "విన్నావుటే మీ తమ్ముడి మాట?"

"విన్నానయ్యా. ఇన్నాళ్లూ ఆ గుర్రు వినలేక నేను గోడవైపు తిరిగి చెవులు మూసుకున్నాను. ఇప్పుడు డబ్బిచ్చి వింటారట. వెర్రి వెయ్యి విధాలని ఊరికే అన్నారా!"

ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. చెట్ల చుట్టూ తాడు కట్టి బెంచీలు వేశారు. చింత లేని మనిషికి చిల్లుల బనీను ఉండరాదని దాన్ని తీయించి, మొహం మీద తాటాకు టోపీ పెట్టారు. మొహం కనబడటం లేదని ఫిర్యాదులొస్తే టోపీని పొట్ట మీదికి మార్చారు. వెనక వరుసలకి గుర్రు అందడం లేదంటే మెడ దగ్గర చిన్న మైకు తగిలించారు. నిశ్శబ్దం పాటించవలసిందిగా లౌడ్‌స్పీకర్లో అరవడానికి ఒక మనిషిని నియమించారు.

మొదటిరోజు మేస్త్రి నిజంగానే నిద్రపోయాడు. చప్పట్లకు మెలకువొచ్చి, లేచి కూర్చుని, అందరికీ నమస్కారం పెట్టాడు. ఆ పూటంతా రేవులో ఛాతీ విరుచుకుని తిరిగాడు.

అదే ఆఖరు. నిద్ర మహా అభిమానం గలది. పిలవని చోటికి వస్తుంది గానీ పీట వేసి పిలిస్తే రాదు. మర్నాటినుంచి మేస్త్రి కళ్లు మూసుకున్నాడన్నమాటే గానీ, చెవులు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. "పెట్టి పుట్టాడు మహానుభావుడు" అని ఒకరు. "మా ఆయన ఇంతకంటే బాగా పెడతాడు గుర్రు" అని మరొకరు. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోవడానికి లేదు. వీపు దురద పెడితే గోక్కోవడానికి లేదు. పడవ కింద దూరి రోజంతా పలకలు బిగించినా రాని నడుంనొప్పి, ఊరికే పడుకున్నందుకు వచ్చింది.

కొన్నాళ్లకి ఇంట్లో కూడా నిద్ర పట్టడం మానేసింది. పక్కన గుర్రు వినబడక ఆయన పెళ్లానికీ నిద్ర పట్టేది కాదు. ఇద్దరూ పైకప్పు చూస్తూ పడుకునేవారు.

"పోనీ, కాసేపు తిట్టవే. అలవాటుకొద్దీ పడుతుందేమో," అన్నాడు మేస్త్రి.

ఆవిడ మనసారా తిట్టింది. లాభం లేకపోయింది.

ఒకరోజు పొద్దున, నిద్రలేని కళ్లతో ఆయన బాగుచేసిన పడవ ఒకటి సగం నీళ్లతో ఒడ్డుకి తిరిగొచ్చింది. పడవవాడు తడిబట్టలతో దిగి, "మేస్త్రీ, చేపలు లోపలికి రావడానికి నా పడవకేమైనా కిటికీ పెట్టావా?" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఆ పడవలో మనిషి పోయుంటే ఏం గతి అనుకున్నాడు. సరాసరి బావమరిది దగ్గరికి వెళ్లాడు.

"ఒక్కరోజు సెలవియ్యరా."

"నిద్రకి సెలవేమిటి బావా? పడుకోవడానికి కూడా బద్ధకిస్తున్నాడని నలుగురూ నవ్విపోరూ! పైగా రేపు పర్యాటక శాఖ పెద్దధికారి వస్తున్నారు. నా పరువు నీ కళ్లు మూసుకోవడం మీదే ఉంది."

ఆ మధ్యాహ్నం ప్రదర్శన ముగిసి జనం లేచిపోయాక, ఒకావిడ తాడు దగ్గరే నిలబడిపోయింది. నడివయసు మనిషి, మెడలో యాత్ర కంపెనీవాళ్ల పసుపు పట్టీ.

"మీరు నిద్రపోవడం లేదు కదూ? ఆస్పత్రిలో నర్సుని లెండి. నిద్రపోయే మనిషి ఊపిరి నాకు తెలుసు."

మేస్త్రి గబుక్కున మైకు మీద చెయ్యి మూశాడు. "ఎవరితోనూ అనకమ్మా, నీకు పుణ్యముంటుంది. కునుకు పట్టి ఎన్నాళ్లయిందో!"

"నాకూ అంతేనండీ. రాత్రి డ్యూటీలతో చచ్చి, నాలుగు రోజులు హాయిగా పడుకుందామని సెలవు పెట్టి వచ్చాను. చీకట్లోనే లేపి సూర్యుణ్ణి చూపిస్తారు. అది కాగానే చేపలు, అవి కాగానే గుహ. ఇప్పుడేమో చిలకల ప్రదర్శనట." ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆ బోర్లించిన పడవ కింద ఓ పది నిమిషాలు పడుకోనా?"

మేస్త్రి తానే పడవ అంచు ఎత్తి పట్టుకుని, తలకింద పెట్టుకోమని నార మోపు ఒకటి లోపలికి తోశాడు. తారు వాసనలో, ఆ చల్లటి ఇసుక మీద ఆవిడ ఒరిగిందో లేదో ఒళ్లు తెలియని నిద్ర పట్టేసింది. ఆ ఊపిరి వింటూ మేస్త్రి అసూయతో కాపలా కూర్చున్నాడు.

చిలకల దగ్గర ఒక మనిషి తగ్గేసరికి యాత్ర కంపెనీవాళ్లు గగ్గోలు పెట్టారు. పడవలు సముద్రం మీదికి పరుగెత్తాయి. మూతికి గొట్టాలున్నవాళ్లంతా నీళ్లడుగున వెతికారు. రేవులో ఒకళ్లిద్దరు ఏడవడానికి సిద్ధమయ్యారు. అంతలో పడవ కిందినుంచి నర్సమ్మ ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చి, "అబ్బ! ఇక్కడికొచ్చాక నేను చేసిన మంచి పని ఇదొక్కటే," అంది.

చుట్టూ మూగినవాళ్లు ఆవిడ మొహంలోని తేటదనం చూశారు. తర్వాత బోర్లించిన మిగతా పడవల వంక చూశారు. బావమరిది ఇవన్నీ చూశాడు.

మర్నాడే 'నిద్రానుభవ శిబిరం' ప్రారంభోత్సవం. ఒడ్డున పందిరి వేసి, పడవలన్నీ వరసగా బోర్లించి, వాటికి పూలు చుట్టారు. పెద్దధికారి విచ్చేశారు. మేస్త్రిని వేదిక మీద, అధికారిగారి పక్కనే కూర్చోబెట్టారు.

అధికారిగారు గొంతు సవరించుకున్నారు. "సోదర సోదరీమణులారా! నిద్ర అనగానేమి? దీన్ని మనం అనేక కోణాల్లో పరిశీలించవలసి ఉన్నది. మొదటి కోణంలో ముఖ్యమైనవి, అతి ముఖ్యమైనవి, తక్షణం దృష్టి సారించదగినవి అని అంశాలు మూడు విధములు. వీటిలో ముఖ్యమైన వాటిని తిరిగి ప్రాథమికములుగా, ప్రాథమికేతరములుగా విభజించిన యెడల..."

ప్రాథమికేతరముల దగ్గర మేస్త్రి తల ఓ పక్కకి వాలింది. అధికారిగారు రెండో కోణంలోకి ప్రవేశించేసరికి నోరు తెరుచుకుంది. మెడ దగ్గరి మైకు తీయడం ఎవరికీ తోచలేదు. ఎన్నాళ్లనుంచో పేరుకుపోయిన గుర్రు ఒక్కసారిగా లౌడ్‌స్పీకర్లోంచి బయలుదేరి సముద్రం దాకా వెళ్లింది. ముందు వరుసలో ఆయన పెళ్లాం ఆ చప్పుడు విని కళ్లు ఒత్తుకుని, "తండ్రీ, బతికించావు!" అని అధికారిగారికి దణ్ణం పెట్టి, తానూ అలాగే నిద్రపోయింది. తర్వాత పడవవాళ్లు ఒరిగారు. తర్వాత సందర్శకులు. నిశ్శబ్దం పాటించమని అరిచే మనిషికి చేసేందుకు పని లేక, అతనూ పడుకున్నాడు.

వంగిన తలలు చూసి సభ తనతో పూర్తిగా ఏకీభవిస్తున్నదని అధికారిగారు గ్రహించారు. ఇలాంటి సభలకి ఆయన అలవాటుపడ్డ మనిషే. పొద్దుగూకేదాకా మాట్లాడారు. సూర్యుడు తన మానాన తాను అస్తమించాడు. చూడలేదని ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.

మెలకువొచ్చాక మేస్త్రి మెడలోని మైకు పీకి బావమరిది చేతిలో పెట్టాడు. "రేపట్నుంచి నా పడవలు నావి, నా నిద్ర నాది. చూడ్డానికి ఎవర్నన్నా తోలుకొచ్చావో, నా పెళ్లాం తమ్ముడివని కూడా చూడను."

"నీ ఇష్టం బావా," అన్నాడు బావమరిది. అతని చూపు అప్పటికే అధికారిగారి మీద ఉంది.

ఇప్పుడా దీవిలో అన్నిటికన్నా గిరాకీ ఉపన్యాసానికే. అధికారిగారు ఉద్యోగానికి దీర్ఘకాలిక సెలవు పెట్టి అక్కడే ఉండిపోయారు. ఆయన లేని లోటు కార్యాలయంలో ఎవరికీ కనబడలేదు. సముద్రాలు దాటి జనం వస్తున్నారు, ఇసుకలో పడకకుర్చీలు వేసుకుంటున్నారు, రెండో కోణం చూడకుండానే తరిస్తున్నారు. మొన్న ఒక కంపెనీ మేనేజరు నిద్ర లేచి, కళ్లు నులుముకుంటూ, "అరే, ఈ నిద్ర నాకు తెలుసే! సోమవారం సోమవారం మా ఆఫీసు మీటింగులో పట్టేది సరిగ్గా ఇదే!" అని అరిచాడు. పక్కనున్నవాళ్లు నోరు మూసుకోమన్నారు. ఇంత ఖర్చు పెట్టి వచ్చాక అలాంటివి వినడం ఎవరికైనా కష్టమే.

వచ్చే సీజనుకి ముందు వరుసలు ఇంకా ఖాళీగానే ఉన్నాయట. వెనక వరుసలు మాత్రం ఎప్పుడో అయిపోయాయి. ఎందుకో మీకు వేరే చెప్పాలా?