ఏడో లైనులో పూజారి

శ్రీనివాసులు మేస్త్రి ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. తెల్లారగానే పూజ, పూజ కాగానే కాంక్రీటు, మధ్యాహ్నానికి శ్లాబు పూర్తి, ఆ తర్వాత కూలివాళ్లకు బిరియాని. తమిళనాడులోని గుడియాత్తంలో లక్ష్మీదేవి టీచరు కట్టించుకుంటున్న ఇల్లు చిన్నదే. కానీ ఇన్నేళ్లూ ఒకరి కింద పనిచేసి విసిగిన మేస్త్రి సొంతంగా పట్టిన మొదటి కాంట్రాక్టు అది. శ్లాబు పోయడం మొదలుపెడితే చివరిదాకా ఆగకూడదు. సగంలో ఆగితే అతుకు పడుతుంది, అతుకు దగ్గర వానకు కారుతుంది, కారిందంటే ఆ ఊళ్లో ఇంకెవరూ ఆయన చేతికి ఇల్లు అప్పజెప్పరు.

ఆయన కూతురు మేనక పథకం అంతకన్నా సులువైనది. ఆమె వేలూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తోంది. తమ సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే పాఠాలను అక్కడ మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు రాత మధ్య అక్కడక్కడా కొన్ని గుర్తులు పెట్టి రాస్తారు. ఒక ప్రోగ్రాం ఆ రాతను వెబ్ పేజీగా మారుస్తుంది. ఆ పేజీల్లో కోడు ఉన్న చోట్లు బోసిగా కనబడుతున్నాయని మేనక ఆ ప్రోగ్రాంలో తన సొంత పద్ధతి ఒకటి రాసిపెట్టింది. ఇప్పుడు కోడు నల్లటి పెట్టెలో, ప్రతి లైనుకూ ముందు ఒక నంబరుతో, మూలన ‘కాపీ’ అనే మీటతో దర్జాగా కనిపిస్తుంది. ఆ రోజు దాన్ని మేనేజరు జయకుమార్‌కు చూపించాలి, ఆయన సరేనంటే సాయంత్రానికి అది క్లయింటుకు వెళుతుంది.

ఈ రెండు పథకాలూ ముందు రోజు సాయంత్రమే ఒకదానికొకటి తగులుకున్నాయి.

"పాపా, రేపటికి కావాల్సిన సామాన్లు చెప్తాను, కొంచెం టైపు చేసియ్యి. వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తా," అన్నాడు మేస్త్రి.

ఆ ఇంట్లో మాట తెలుగు, రాత తమిళం. మేనక తను పరీక్షించుకుంటున్న పేజీలోనే తమిళంలో టైపు చేసింది. లైను కింద లైను రాస్తే అన్నిటినీ కలిపి ఒకే పేరాగా చుట్టేయడం మార్క్‌డౌన్ అలవాటు. సిమెంటు, ఇసుక, పూజారి అందరూ ఒకే ముద్దయి కూర్చున్నారు. దాంతో ఆమె మొత్తం రాతకూ కోడు గుర్తులు తగిలించింది. వెంటనే నల్లపెట్టె వచ్చింది, లైన్లు విడివిడిగా నిలబడ్డాయి. సిమెంటు లోడు, ఇసుక లోడు, కంకర జల్లి లోడు, మిక్సర్, నీళ్ల లారీ, బిరియాని వండే పెద్ద అండా, చివర్లో గుర్తొచ్చిన పూజారి. ఎన్నెన్ని కావాలో రాయలేదు. చిన్న ఇల్లు, అన్నీ ఒక్కొక్కటే అని ఆ గ్రూపులో అందరికీ తెలుసు.

"ఏం పాపా ఇది, బ్యాంకోళ్ల కాయితం మాదిరి ఉండాదే!" అని మురిసిపోయి మేస్త్రి ఫోనులో ఆ పేజీ తెరిపించుకున్నాడు. కాపీ మీట తన వేలితోనే నొక్కి, గ్రూపులో పెట్టాడు. ఆ మీట లైన్లతోపాటు వాటి ముందున్న నంబర్లను కూడా ఎత్తుకుపోతుందని దాన్ని తయారుచేసిన మేనకకే తెలియదు.

కాసేపటికి ఇసుక, జల్లి, నీళ్లు తోలే ధనపాల్ ఫోన్ చేశాడు. "మేస్త్రీ, గ్రూపులో పెట్టినట్లేనా? అంతా కావల్లనా?"

"పెట్టినట్లే ధనపాల్. మా పాప కంప్యూటర్‌లో చేసిచ్చింది. దాంట్లో పొరపాటుకు చోటే లేదు."

కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ వెంటనే మిక్సర్ చిన్నరాజు ఫోన్ చేసి, మిక్సర్ కోసం నాట్రంపల్లి దాకా పోవాల్సి వస్తుందన్నాడు. అతని మిషను రిపేరులో ఉందేమో అనుకున్నాడు మేస్త్రి. "యాడికన్నా పోప్పా. కంప్యూటర్‌లో ఉండేది తెల్లారేసరికి రావల్ల," అన్నాడు. వంట చేసే పచ్చయమ్మ, "అన్నా, జనం ఎక్కువా?" అని అడిగితే, "నా సొంత పని పచ్చయమ్మా, అందరూ కడుపు నిండా తినల్ల," అన్నాడు. పూజారి ఏమీ అడగలేదు, గ్రూపులో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నారు. మేస్త్రి ఎవరికీ చెప్పకుండా కల్యాణ మండపం కాంట్రాక్టు కొట్టేశాడని ఆ రాత్రి ధనపాల్, చిన్నరాజు తీర్మానించుకున్నారు.

పొద్దున మేనక వేలూరు బస్సెక్కింది. మేస్త్రి దిష్టి గుమ్మడికాయ పట్టుకుని వీధి మలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. సిమెంటు వచ్చింది. ఇసుక వచ్చింది. ఇంకో ఇసుక లారీ కూడా వచ్చేసరికి, "ఏందప్పా ఇది?" అన్నాడు. "మీరు చెప్పిండేదే," అన్నాడు డ్రైవరు. ఆ వెనకే జల్లి లారీలు వచ్చి ఎదురింటి తంగమ్మ వాకిలిని మూసేస్తూ గుట్టలు పోశాయి. నీళ్ల లారీలు వరుసగా వచ్చి వీధిలో ఇరుక్కున్నాయి. వాటి మధ్యకు నాలుగు మిక్సర్లు జాతరకు వచ్చినట్లు వచ్చాయి. వెనక టౌను బస్సు ఒకటి ముందుకు పోలేక, వెనక్కి రాలేక హారను మోగిస్తూ నిలబడిపోయింది. పచ్చయమ్మ అండాలు దించడానికి చోటు లేక బస్సువాళ్లతో తగువు పెట్టుకుంది.

ఈ గందరగోళంలో ఒక ఆటో సందు చేసుకుని వచ్చి ఆగింది. పట్టుపంచెలు కట్టుకున్న ఐదుగురు పూజారులు ఒకరి తర్వాత ఒకరు దిగారు. పెద్దాయన నొచ్చుకుంటూ దగ్గరికొచ్చారు.

"మన్నించల్ల మేస్త్రీ. ఏడుగురు కావల్లని పెట్టినారు. ముహూర్తాల కాలం కదా, ఐదుగురమే కుదిరినాము."

మేస్త్రి నోరు తెరిచేలోపే లక్ష్మీదేవి టీచరు అందుకుంది.

"ఏం శ్రీనివాసులూ, నేను కట్టిస్తా ఉండేది ఇల్లా, ఆనకట్టా? మోర్ధానా డ్యాముకు పోవాల్సిన జల్లి అంతా నా వాకిట్లో దించినావే!"

మేస్త్రి పక్కకు పోయి కూతురికి ఫోన్ చేశాడు. "పాపా! నీ కంప్యూటర్‌కు పిచ్చి పట్టింది!"

మేనక బస్సులోనే గ్రూపు తెరిచి చూసింది. ప్రతి సామాను ముందూ తను ముచ్చటపడి పెట్టిన నంబరు బుద్ధిగా కూర్చుని ఉంది.

"నాయనా, ఆ నంబర్లు ఊరికే చూసేదానికి పెట్టినవి. లెక్క కాదు."

"ఆ మాట ఈ ఐదుగురు అయ్యవార్లకు ఎవరు చెప్తారమ్మా?"

ఆమె దారిలో కె.వి.కుప్పంలో బస్సు దిగి, ఎదురు బస్సు పట్టుకుని వెనక్కి బయలుదేరింది. ఆఫీసుకు ఏం చెప్పాలో తోచక ఫోన్ లోపల పెట్టేసింది. నాయన పరువు తన మీట వల్ల పోయిందన్న ఆలోచనతో దారంతా కళ్లలో నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆమె చేరేసరికి పూజ అయిపోయింది. చిన్నరాజు సొంత మిక్సర్ ఒక్కటే పనిలో ఉంది. మిగతా మూడింటినీ వెనక్కి పొమ్మన్నా, దారి లేక అవి వీధిలోనే ఉన్నాయి. శ్లాబు సగం దాకా వచ్చింది. అప్పుడే మోర్ధానా వైపు ఆకాశం నల్లబడింది. సరిగ్గా అదే సమయానికి చిన్నరాజు మిక్సర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చిన్నరాజు దాన్ని తన్నాడు, తిట్టాడు, చివరికి దండం పెట్టాడు. అది కదల్లేదు.

మేస్త్రి ఇసుక గుట్ట మీద కూలబడ్డాడు. "అయిపోయింది పాపా. సగం శ్లాబు. ఇంక నా మొహం ఎవరూ చూడరు."

మేనక వీధి వైపు చూసింది. "నాయనా! నాలుగో లైను!" అని అరిచింది.

మేస్త్రి తలెత్తాడు. నాట్రంపల్లి నుంచి వచ్చిన మిక్సర్లు మూడూ అక్కడే పనిలేక నిలబడి ఉన్నాయి. నిమిషంలో మూడూ తిరగడం మొదలుపెట్టాయి. కాంక్రీటు నింపిన బాండ్లీలు అందించడానికి మనుషులు చాలకపోతే పచ్చయమ్మ అండా మూత తీసి, వాసన వీధిలోకి వదిలి, "పని చేసినోళ్లకే బిరియాని!" అని ప్రకటించింది. లారీ క్లీనర్లు వచ్చారు. బస్సు కండక్టరు కూడా సంచి డ్రైవరుకిచ్చి వచ్చాడు. చివరి బాండ్లీ పోసి టార్పాలిన్ కప్పి తాడు బిగించాక మొదటి చినుకు పడింది. శ్లాబు మీద ఎక్కడా అతుకు లేదు. మేస్త్రి కప్పిన టార్పాలిన్ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తర్వాత కష్టాలన్నీ వాటంతటవే దారి చూసుకున్నాయి. చాలా రోజులుగా కుళాయి రాని వీధి కాబట్టి ఆడవాళ్లు బిందెలతో వచ్చి నీళ్ల లారీలను ఖాళీ చేసి, మేస్త్రిని దీవించి పోయారు. కాంపౌండు గోడ కట్టుకోవాలనుకుంటున్న తంగమ్మ, మిగిలిన ఇసుకా జల్లీ తన వాకిట్లోనే ఉండనివ్వమంది, ధనపాల్‌తో తనే మాట్లాడుకుంది. బస్సులో ఇరుక్కున్నవాళ్లంతా బిరియాని తిన్నాక బస్సు కదలనందుకు ఎవరూ గొడవ చెయ్యలేదు. టీచరు మాత్రం ముఖం గంటు పెట్టుకునే వచ్చింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"తిరుపత్తూరులో మా అక్క ఇల్లు కట్టినప్పుడు ఒక్క అయ్యవారే వచ్చినాడు," అంది. అంటూనే ఆమె ముఖం విచ్చుకుంది. "ఈ ఐదుగురి ఫోటోలు ఆమెకు పంపినాను. ఇంకా జవాబు లేదు. పై అంతస్తు కూడా నువ్వే కట్టు శ్రీనివాసులూ."

మేనక అప్పటికి ధైర్యం తెచ్చుకుని జయకుమార్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"మంచిదే అయిందమ్మా, మీ నాయన ముందు నొక్కినాడు," అన్నాడు జయకుమార్. "క్లయింటు నొక్కి, నంబర్లతో సహా కోడు అతికించుకొని ఉంటే ఒక్కటీ పనిచేసుండదు. రేపు సరిచేసి చూపించు, చాలు."

వాన చప్పుడు వింటూ, కొత్త గోడకు ఆనుకుని, ఆమె అక్కడే ల్యాప్‌టాప్ తెరిచింది. పక్కన మేస్త్రి బిరియాని తింటూ తొంగి చూశాడు.

"ఏం చేస్తా ఉండావు పాపా?"

"నంబర్లు కంటికి కనిపిస్తాయి, కాపీలోకి మాత్రం రావు నాయనా. అట్ల మారుస్తా ఉండాను."

మేస్త్రి వీధిలో కడిగిపెట్టిన మిక్సర్ల వైపు చూశాడు. "మీ ఆఫీసుకు మార్చుకో. నాకు మాత్రం నంబర్లు ఉండనీ. మిక్సర్‌ను రెండో లైనులో ఏసి, పూజారిని మొదటికి తెచ్చెయ్యి."

అప్పటికే పెద్ద పూజారి, పై అంతస్తు శ్లాబు కోసం మిగతా ఆరుగురికీ ఫోన్ చేసి చెప్పేసి ఉన్నారు.