వెర్లిన్ గారి వెయ్యీ యాభై

సరిపోయే కార్బ్యురేటర్ కొనుక్కునేవాళ్లని చూస్తే నాకు జాలి. బతుకులో అన్నీ సరిపోయేవే కావాలంటే చెప్పుల దుకాణానికి వెళ్లాలి గానీ, కార్ల జోలికి రావడం దేనికి? పెద్ద ఇంజన్ ఉన్నవాడికి పెద్ద కార్బ్యురేటరే ఉండాలి. ఎంత పెద్దదంటే, ఇంజన్ మీద హుడ్ మూత పడకూడదు. అప్పుడు హుడ్‌కి కన్నం కొయ్యాలి. ఆ కన్నంలోంచి అది తల ఎత్తి చూడాలి. చూసినవాళ్లు కుళ్లుకుని చావాలి!

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కార్బ్యురేటర్ అంటే పాతకాలపు ఇంజన్‌కి ముక్కూ నోరూ అదే. గాలినీ పెట్రోల్‌నీ కలిపి లోపలికి పంపుతుంది. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పంపగలదో అదే దాని సైజు. ఎంత పెద్దదైతే అంత గొప్ప. అమెరికాలో మా ఇండియానా ఊళ్లో ఇది తెలియని మగవాడు లేడు. తెలియనిది ఒక్క ఇంజన్‌కే.

కావాలంటే మా వెర్లిన్ గారిని అడగండి. అరవై నాలుగేళ్ల మనిషి, కిటికీ ఫ్రేముల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకి 1970 నాటి కారు ఒకటుంది. అందులో 454 ఘనపుటంగుళాల ఇంజన్. పోయినేడాది వేసవి దాకా దాని మీద ఏదో మామూలు కార్బ్యురేటర్ ఉండేది. స్నేహితుడు డ్వేన్ తన కారుకి తొమ్మిదొందల యాభై బిగించాడని విన్న మర్నాడే వెర్లిన్ గారు వెయ్యీ యాభై బిగించేశారు. హుడ్‌కి కన్నమూ కోసేశారు.

ఆ రోజు నుంచి ఆయనకి కలిగిన మేలు అంతా ఇంతా కాదు!

ఎర్ర లైటు పచ్చగా మారుతుంది. వెర్లిన్ గారు పెడల్ తొక్కుతారు. ఇదివరకైతే కారు దూకేది. ఇప్పుడు దగ్గుతుంది. వణుకుతుంది. నిజంగా వెళ్లాలా, రేపు వెళ్తే కాదా అని కాసేపు ఆలోచిస్తుంది. పోయిన అక్టోబర్‌లో కోర్టు చౌరస్తా దగ్గర అలా ఆలోచనలో ఉండగా, కార్లు ముట్టని ఆమిష్ పెద్దాయన ఒకాయన గుర్రబ్బండిలో పక్కనుంచి దాటిపోయాడు. పోతూ పోతూ మర్యాదగా టోపీ అంచు తాకాడు కూడా. నాలుగొందల గుర్రాల ఇంజన్‌ని ఒంటి గుర్రం దాటిపోవడం! ఇంత వినయం ఏ ప్రసంగం వింటే వస్తుంది?

ఇక స్నేహ సంబంధాలు. పెట్రోల్ బంకు ఆవిడకి వెర్లిన్ గారు ఇప్పుడు సొంత అన్నయ్య. తన మనవడికి ఏ పన్ను ఎప్పుడొచ్చిందో వరసపెట్టి చెబుతుంది. అన్నిసార్లు కలుస్తుంటే చెప్పదా మరి? ఆదివారం చర్చిలో ఆయన కూర్చున్న బెంచీ మొత్తం ఆయనదే, కాళ్లు చాపుకోవచ్చు. ఒంటికి పట్టిన పెట్రోల్ వాసనకి దోమలు ఆ వీధికి రావడమే మానేశాయి. రిటైరైన మనిషికి శనివారం తోచడం లేదన్న బాధే లేదు. మసి పట్టిన స్పార్క్ ప్లగ్గులు ఎనిమిదీ విప్పాలి, తోమాలి, మళ్లీ బిగించాలి. వచ్చే శనివారానికి అవి మళ్లీ సిద్ధంగా ఉంటాయి!

ఒక్కటే చిన్న లోటు. పక్క సీటు ఖాళీ.

ఆ సీటు మార్లిస్ గారిది, అంటే వెర్లిన్ గారి భార్యది. ఇరవై ఏడేళ్లు స్కూల్ బస్సు నడిపిన మనిషి. పెళ్లి చేసుకుందామా అని వెర్లిన్ గారు అడిగిందీ, ఆవిడ సరేనన్నదీ ఆ సీట్లోనే. పోయిన జూన్‌లో చర్చి విందుకి ఆవిడ చెర్రీ పళ్లు కూరి 'పై' అనే తీపి వంటకం చేసి, ఒళ్లో పెట్టుకుని అదే కారులో వెళ్లారు. పెట్రోల్ కంపు కొట్టి ఒక్కరూ ముట్టలేదు. చేసింది చేసినట్టే వెనక్కి వచ్చింది. మార్లిస్ గారు మాత్రం మళ్లీ ఆ సీటెక్కలేదు.

శుక్రవారం సాయంత్రాలు పాత కార్లవాళ్లంతా, కారులో కూర్చునే తినే డ్రైవ్-ఇన్ హోటల్ దగ్గర చేరతారు. వెర్లిన్ గారు ముందు తన కారులో. ఆవిడ వెనక తన చిన్న కారులో, అద్దాలు పైకి బిగించుకుని.

"నా వెనకెందుకు, ముందు పోరాదూ?" అంటారాయన.

"ఆగిపోతే తొయ్యడానికి ఎవరో ఒకళ్లుండాలిగా," అంటారావిడ.

ఇంతలో పెళ్లై నలభై ఏళ్లు నిండే రోజు దగ్గరపడింది. అదీ శుక్రవారమే.

"ఆ ఒక్కరోజూ పక్కన కూర్చోవే," అని బతిమాలారు వెర్లిన్ గారు.

"ఆ కంపు పోగొట్టు, కూర్చుంటా."

"కంపు కాదు మార్లిస్, అది పవర్."

"అయితే ఆ పవర్‌నే పక్కన కూర్చోబెట్టుకో."

వెర్లిన్ గారు హడావుడిగా స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లారు. కౌంటర్ దగ్గర జోసీ ఉంది. ఇంజనీరింగ్ చదువుకుని, తండ్రి దుకాణం తనే చూసుకుంటోంది.

"అమ్మాయ్, లైటు దగ్గర బండి దగ్గుతోంది. ఇంకాస్త పెద్దదేమన్నా ఉందా?"

"ఇంకా పెద్దదా? ఇప్పటికే మీ హుడ్ కన్నంలో కుక్కపిల్లని పెంచొచ్చు!" అంటూ జోసీ ఒక అట్టముక్క చింపి పెన్ను తీసింది. "లెక్క వేద్దాం ఉండండి. ఇంజన్ 454. నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతారు, మహా అయితే?"

"ఏడున్నర వేలు," అన్నారు వెర్లిన్ గారు, కళ్లు ఆర్పకుండా.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి మా ఊళ్లో ఒక పద్ధతుంది. ఐదు తిప్పేవాడు ఆరు అంటాడు. అది విన్నవాడు ఏడు అంటాడు. ఎవరూ ఎవర్నీ కాదనరు. కాదంటే తమ వెయ్యి కూడా ఊడిపోతుంది కదా? పాపం లెక్కకి ఈ మర్యాదలు తెలీవు. ఇచ్చిన అబద్ధాన్ని బుద్ధిగా హెచ్చవేసి, భాగించి, దానికి కొలిచినట్టు సరిపోయే కార్బ్యురేటర్ చెబుతుంది. అందులో లెక్క తప్పేముంది?

"985 వచ్చింది. మీ వెయ్యీ యాభై కరెక్టే," అంది జోసీ.

"చూశావా మరి!"

"ఎప్పుడు తిప్పారు ఏడున్నర వేలు?"

"తిప్పలేదు. తిప్పొచ్చు."

"తిప్పితే పిస్టన్లు పక్క కౌంటీలో ఏరుకోవాలి. సరే గానీ, మార్లిస్ ఆంటీ పక్కన ఉంటే ఎంత తిప్పుతారు?"

వెర్లిన్ గారు షాపు పైకప్పుకేసి చూశారు. "మూడున్నర."

"ఆవిడ కళ్లు మూసుకుంటే?"

"ఐదున్నర. అదీ ఒక్కసారే. దిగాక రెండ్రోజులు మాట్లాడలేదు."

జోసీ పాత అంకె కొట్టేసి ఐదున్నర వేలు వేసింది. 722 వచ్చింది. వీధుల్లో తిరిగే ఇంజన్ నూటికి ఎనభై ఐదు వంతులే గాలి నింపుకుంటుందని ఇంకాస్త తగ్గించింది. 614.

"ఏడొందల యాభై చాలు మీకు. అది కూడా మీ పరువు కోసం పెంచి చెబుతున్నా. మిల్క్‌షేక్ స్ట్రాతో పీలిస్తే వస్తుంది, తోటకి నీళ్లు పెట్టే పైపుతో పీలిస్తే వస్తుందా? గాలి వడిగా పోతేనే పెట్రోల్‌ని సరిగ్గా లాక్కెళ్తుంది. మీ దాంట్లో అది తీరిగ్గా షికారు పోతోంది. పెట్రోల్ సగం మండుతోంది, సగం మీ చొక్కాకి పడుతోంది."

"డ్వేన్‌కి తొమ్మిదొందల యాభై అమ్మాయ్. నాకు ఏడొందల యాభయ్యా? శుక్రవారం నలుగురిలో హుడ్ ఎలా ఎత్తను?"

"పక్కన ఎవర్ని కూర్చోబెట్టుకుంటారో మీరే తేల్చుకోండి. డ్వేన్‌నా, ఆంటీనా?"

వెర్లిన్ గారు పెట్టె అక్కడే వదిలేసి, కార్బ్యురేటర్‌ని కోటు కింద దాచుకుని దొంగసరుకులా ఇంటికి తెచ్చుకున్నారు. గురువారం మధ్యాహ్నం గ్యారేజీ తలుపు వేసుకుని బిగించారు.

శుక్రవారం మార్లిస్ గారు కారు తలుపు తీసి, లోపలికి వంగి, ముక్కు ఎగబీల్చారు. ఇంకోసారి ఎగబీల్చారు. కూర్చున్నారు. చౌరస్తాలో పచ్చ లైటు పడగానే కారు ఒక్క దూకు దూకింది. ఆవిడ తల వెళ్లి సీటుకి ఆనింది. పకపకా నవ్వారు. ఆ నవ్వు విని వెర్లిన్ గారు మలుపు తిరగాల్సిన వీధి కూడా దాటేశారు.

డ్రైవ్-ఇన్ దగ్గర హుడ్ ఎత్తక తప్పదు. మూసి ఉంచితే, ఇంట్లో ఎవరైనా పోయారా అని పరామర్శకి వస్తారు. ఎత్తారు. డ్వేన్, వాడి వెనక మరో ఐదారుగురు చుట్టూ మూగారు.

"చౌరస్తాలో చూశాన్రా నిన్ను! బాణంలా పోయావ్. ఏం బిగించావేంటి?"

పదకొండొందల యాభై అన్న మాట వెర్లిన్ గారి నాలుక చివరిదాకా వచ్చేసింది. అప్పుడే ఎత్తిన హుడ్ కన్నంలోంచి, అద్దం అవతల, మార్లిస్ గారి రెండు కళ్లూ కనిపించాయి.

"ఏడొందల యాభై," అన్నారు.

డ్వేన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడితో అబద్ధమేంట్రా?"

"నిజంరా! వంగి చూడు, దాని మీదే ఉంది!"

"పైన చిన్న అంకె, లోపల కోసి పెద్దది చేసుంటాడు," అన్నాడు వెనక ఒకడు. "తక్కువలో తక్కువ పన్నెండొందలు ఉంటుంది."

అందరూ తలాడించారు. పన్నెండొందలని అక్కడికక్కడే ఖాయమైపోయింది. చూశారా, అందరూ వెయ్యి కలిపి చెప్పుకునే ఊళ్లో కలపకుండా చెప్పినవాడే అబద్ధాలకోరు!

వెర్లిన్ గారు డీలా పడి వచ్చి కారులో కూర్చున్నారు. "నమ్మట్లేదు మార్లిస్."

"నలుగురిలో మొదటిసారి నిజం చెప్పావ్. వాళ్లకి మాత్రం అలవాటుండొద్దూ?" అని ఆవిడ తన శాండ్‌విచ్‌లో సగం తుంచి ఆయన చేతిలో పెట్టారు. "తిని పోనియ్. ఇంకో రౌండు వేద్దాం."

శనివారం పొద్దున్నే డ్వేన్ జోసీ కౌంటర్ దగ్గర ప్రత్యక్షమయ్యాడు. వెర్లిన్‌కి ఇచ్చిందే కావాలట, పన్నెండొందలది.

జోసీ అట్టముక్క తీసింది. "ఎన్ని చుట్లు తిప్పుతారు?"

"ఎనిమిది వేలు."

"పక్కన ఎవరు కూర్చుంటారు?"

"నా బండిలోనా? ఆ కంపుకి ఎవరు కూర్చుంటారమ్మాయ్!"

జోసీ అట్టముక్క పక్కన పెట్టేసి, పన్నెండొందలదానికి ఆర్డర్ రాసుకుంది.