కళ్ళకలక గెలుచుకొచ్చిన షీల్డు

జబ్బు చేసిన పిల్లను ఇంట్లో పడుకోబెట్టడమంత పిసినారితనం ఇంకొకటి లేదండీ! మీ ఇంటికొచ్చిన జలుబును మీరే దాచుకుంటే ఎలా? నలుగురికీ పంచొద్దూ? ఈ సంగతి మా మనవరాలి బడివాళ్ళు నేర్పేదాకా నాకు తెలియనే తెలియదు.

మా కాలంలో బుద్ధి తక్కువ. చిన్నప్పుడు నాకు గవదబిళ్ళలు వస్తే మా అమ్మ పది రోజులు వెనకగదిలో పడేసింది. కంచం వేరు, దుప్పటి వేరు. మా అన్నయ్య కిటికీలోంచి వెక్కిరించి పోవడమే తప్ప దగ్గరికొచ్చిన పాపాన పోలేదు. చివరికేమైంది? వీధి మొత్తం మీద గవదబిళ్ళలు వచ్చింది నాకొక్కదానికే! ఎంత ఒంటరి బతుకో చూడండి. ఇప్పుడు ఒకరికొస్తే క్లాసులో ముప్ఫై ఆరుగురికీ వస్తుంది. స్నేహమంటే అదీ!

ఈ ఐకమత్యానికంతటికీ మూలం ఒక షీల్డు. నెలంతా ఒక్క పిల్లా మానకుండా వచ్చిన తరగతికి ఆఖరి రోజు సాయంత్రం చప్పట్ల మధ్య ఇస్తారు. మూరెడు ఎత్తు, ఇత్తడి రంగు. హాజరంటే నాకూ గౌరవమే. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ మొదటి నవ్వుకీ నేను ఎదురుగా ఉన్నాను. నిద్రలో మూతి సాగదీయడం కాదు, మనిషి మొహం చూసి నవ్వే నవ్వు. నా నలుగురు పిల్లలు, ఆరుగురు మనవలు, ఒక్కటి తప్పితే ఒట్టు. ఏడో మనవడు అప్పటికి ఇంట్లోనే ఉన్నాడు. మా అమ్మాయి కొడుకు, నలభై రోజుల వాడు. ఇవాళో రేపో నవ్వుతాడని వాడి మొహంలో మొహం పెట్టుకుని కూర్చున్నాను.

సరే, బడి సంగతికొద్దాం. మా కోడలు అక్కడ మూడో తరగతి టీచరు. వాళ్ళకు సెలవు కావాలంటే మూడు రోజుల ముందే కాగితం పెట్టాలి. "గురువారం నాకు జ్వరం వస్తుందని సోమవారం ఎలా తెలుస్తుంది మేడమ్?" అని ఇది అడిగిందట. "ప్లానింగ్ ఉండాలమ్మా" అన్నారట ప్రిన్సిపాల్ గారు. నిజమే కదా! రైలుకు ముందే టికెట్టు కొనుక్కుంటాం, జ్వరానికి ఆమాత్రం చేసుకోలేమా?

జాగ్రత్తల్లో కూడా లోటు లేదు. కళ్ళకలక తిరుగుతోంది, ఒకరి వస్తువులు ఒకరు ముట్టుకోవద్దని సర్క్యులర్ పంపారు. ఆ ఒక్క కాగితాన్నీ క్లాసు క్లాసుకూ తిప్పి, ఒకే పెన్నుతో టీచర్లందరి చేతా సంతకాలు పెట్టించారు. అందరికంటే ముందు పెట్టింది లెక్కల మాస్టారు. ఆయనకు ఆలోచిస్తూ పెన్ను కొరికే అలవాటుంది!

అలా కళ్ళకలక కూడా క్లాసు క్లాసుకూ సంతకం పెట్టుకుంటూ వచ్చింది. నాలుగో తరగతిలో ఇద్దరు తెలివితక్కువ వాళ్ళు మానేశారు, వాళ్ళ షీల్డు గోవిందా. ఐదోవాళ్ళదీ అంతే. ఆఖరి రోజుకి పోటీలో మిగిలింది మూడో తరగతి ఒక్కటే. మా కోడలు చెప్పే తరగతి, మా పిచ్చుక చదివే తరగతి. పిచ్చుకంటే మా మనవరాలే, ఈ కోడలి కూతురు, నోరు మూసి ఎరగదు.

ఆ పొద్దున పిచ్చుక నోరైతే తెరిచింది గానీ కళ్ళు తెరవలేదు. రెప్పలు అతుక్కుపోయాయి. గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి చూద్దును కదా, నిప్పుకణికలు!

"నానమ్మా, నేను మానేస్తే షీల్డు నావల్లే పోయిందంటారు. ఇంక నాతో ఎవ్వరూ కూర్చోరు" అని ఒకటే ఏడుపు. సాయంత్రం సభకు ఏర్పాట్లున్నాయని వాళ్ళమ్మ అప్పటికే వెళ్ళిపోయింది. ఇంట్లో నలభై రోజుల బిడ్డ. మా అమ్మయితే ఏం చేసేదో నాకు తెలుసు. నేనేం చేశానంటారా? చుక్కల మందు వేశాను, "ఎవరడిగినా కంట్లో సబ్బు పడిందను" అని నేర్పాను, చెయ్యి పట్టుకుని గేటు దాకా నేనే దింపొచ్చాను. నవనాగరికురాలినయ్యాను!

క్లాసులో మా కోడలు పిల్ల మొహం చూడగానే లబోదిబోమంటూ జబ్బుపిల్లల గదికి తీసుకెళ్ళిందట. ఒక మంచం, ఒక దిండు ఉన్న గది. మంచం మీద పాత షీల్డులు, దిండు మీద కప్పులు! పిల్ల కూర్చోవడానికి కూడా చోటు లేదు. "ఇంటికి పంపించేస్తాను మేడమ్" అంటే, "సాయంత్రం దాకా ఓర్చుకోమ్మా, చరిత్ర సృష్టించబోతున్నాం" అన్నారట.

సృష్టించారు. ముప్ఫై ఆరుగురూ, సగం మంది నల్లకళ్ళద్దాలతో, షీల్డును చేతులు మార్చుకుని ముద్దులు పెట్టుకున్నారు. మొదటి వంతు పిచ్చుకదేనని ఆ రాత్రికి మా ఇంటికే పంపారు. నేను దాన్ని పైటచెంగుతో తళతళా తుడిచాను. ఆ చెంగుతోనే ఆనందబాష్పాలూ తుడుచుకున్నాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి కళ్ళు ఎర్రబడ్డాయి. బడికి మూడు రోజులు సెలవు. ఆవిడ ముందుగా కాగితం పెట్టారో లేదో, అడగడానికి మా కోడలికి కళ్ళు తెరుచుకోలేదు.

నాకూ తెరుచుకోలేదు. మా అమ్మాయి గది తలుపు దగ్గరగా వేసి, "అమ్మా, నీకు దండం పెడతానే, గుమ్మం దాటకు" అంది. గుమ్మానికివతల స్టూలేసుకుని కూర్చున్నాను. నాలుగో రోజు పొద్దున లోపల్నుంచి కేక.

"అమ్మా! నవ్వాడే! నన్ను చూసి నవ్వాడే!"

"బుగ్గన సొట్ట పడిందా?"

"పడిందే! ఎడం బుగ్గకి."

"మళ్ళీ నవ్వించవే."

"నవ్వించానమ్మా. చూడు, ఎలా..." అంటూనే ఆగిపోయింది. తలుపు మాత్రం తెరవలేదు. తెరవొద్దనే నేనూ అన్నాను.

ప్రిన్సిపాల్ మేడమ్ గారూ, హాజరు షీల్డు మీకు తిరిగి పంపిస్తున్నాను, డెట్టాలుతో కడిగించాను. ఆ గదిలో ఉన్న మిగతావి పెట్టుకోవడానికి చోటు లేకపోతే మా ఇంటికి పంపేయండి, అటక మీద పెట్టిస్తాను. మంచం ఖాళీ చేసి ఒక ఉతికిన దుప్పటి వేయించండి. ఈసారి నాలాంటి నానమ్మ ఎవరైనా పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికొస్తే, కంట్లో సబ్బు పడిందంటే నమ్మకండి.