మూడో ఆంప్లిఫయర్ పెళ్లిచూపులు

ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లకు పెళ్లిచూపుల్లో వద్దనే హక్కు వచ్చాక, కాకినాడలో పుండరీకాక్షం ఇంటికి వచ్చిన జత అప్పటికే రెండు ఆంప్లిఫయర్లను కాదంది. మూడోది కూడా నచ్చకపోతే నిబంధన ప్రకారం స్పీకర్లను వేరే ఇంటికి పంపేస్తారు. అవి పోతే తను బతికుండీ లాభం లేదని పుండరీకాక్షం వీధంతా చెప్పుకుని తిరిగాడు.

స్పీకర్లను తప్పుపట్టడానికీ లేదు. తలుపంత ఎత్తు, లోపల ఉల్లిపొర లాంటి ఒక్క పొర. పై స్వరాలు వచ్చేసరికి కరెంటు తెగ లాగుతాయి, చాలా ఆంప్లిఫయర్లు అక్కడే చేతులెత్తేస్తాయి. మొదటిది మంచి కుటుంబందే, కానీ వయొలిన్ పైకెళ్లగానే దానికి చెమటలు పట్టాయి. రెండోది దిట్టంగానే ఉంది గానీ మరీ మొరటు. అందుకని ఈసారి పుండరీకాక్షం హైదరాబాదు వెళ్లి, నాలుగిళ్లలో వాకబు చేసి మరీ తెచ్చాడు.

ధ్వని జోడింపు శాఖ అధికారిణి రత్నమాల మీటరుతో వచ్చింది. కొత్త ఆంప్లిఫయర్‌కు బొట్టుపెట్టి పీట మీద కూర్చోబెట్టారు. స్పీకర్లు సరేనన్నాయి. పుండరీకాక్షం చిన్నపిల్లాడిలా గంతులేశాడు. అయితే మధ్యలో ఉన్న ప్రీఆంప్లిఫయర్ మాత్రం కుదరదన్నాయి. సన్నగా వచ్చే పాటను తగినంత పెద్దది చేసి ఆంప్లిఫయర్‌కు అందించడమే దాని ఉద్యోగం. ఇదేమో తన గొంతు కూడా కలుపుతోందట.

పుండరీకాక్షానికి ఒళ్లు మండి, మీ శాఖలో ఉన్నవాళ్లంతా దద్దమ్మలని అరిచాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్య వకుళ, ఎవరొచ్చినా చేసే పనే చేసింది.

"ఇంకొక్కసారి చూడమంటున్నారండి" అని అధికారిణికి చెప్పింది.

డబ్బాలన్నీ తీసుకెళ్లి కాలవలో పారేస్తానన్నాడతను.

"కాస్త బెంగపెట్టుకున్నారండి, అంతే" అంది వకుళ.

స్పీకర్లు సన్నగా వణికాయి. రత్నమాల వాటినీ వకుళనూ మార్చిమార్చి చూసింది. పాత ప్రీఆంప్లిఫయర్ తీసేయించి, దాని చోట ఇంకో పీట వేయించి వకుళను కూర్చోబెట్టి, పాట వచ్చే తీగ ఎడమచేతికీ ఆంప్లిఫయర్‌కు వెళ్లే తీగ కుడిచేతికీ ఇచ్చింది.

పాట మొదలైంది. గాయకుడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. పుండరీకాక్షం కళ్లు ధారలు కట్టాయి. పక్కిళ్ల మగవాళ్లు కిటికీ దగ్గర మూగి, విన్నంతసేపు విని, తమ ఇళ్లవైపు ఆలోచనగా చూసుకున్నారు.

పొయ్యి మీద పప్పు మాడుతోందని వకుళ రెండుసార్లు చెప్పింది. పాటలో అదెక్కడా పడలేదు. రత్నమాల మీటరు చూసి, సొంత శబ్దం సున్నా అని రాసుకుంది. ఇంత శుభ్రమైనది తన సర్వీసులోనే చూడలేదంది. వకుళకు నిజంగానే సంతోషం వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ పనిని ఒకరు కొలిచి మెచ్చుకున్నారు.

పాట ఆగాక అడిగింది.

"ఎప్పటిదాకా కూర్చోవాలండి?"

"అలవాటైపోతుందండీ" అంది రత్నమాల, తీగలు ఊడకుండా బిగిస్తూ. "మా ఇంట్లోనూ నేనే. ఆఫీసు నుంచి వెళ్లగానే కూర్చుంటాను."

స్పీకర్లు ఇక ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. పుండరీకాక్షం పడక్కుర్చీలో వెనక్కి వాలి, ఇంకాస్త పెంచమన్నాడు. వకుళ పెంచింది.